ఎత్తైన గోడలు, ఊడిపడు పెచ్చులు

2019వ సంవత్సరము మే 1వ తేదీ రాత్రి చార్మినారు మీనారులలో ఒకదానినుండి గారపని ముక్క ఊడి క్రిందపడినది. పగలంతయు జనముతో క్రిక్కిరిసియుండు ఆ చోట అది రాత్రివేళ పడుటచేత ఎవరికిని దెబ్బ తగులలేదు. అదే ఏడు సెప్టెంబరు 22న అమీర్‌పేటకు ఆ అదృష్టము లేకపోయినది. వానకు తలదాచుకొనుటకై మెట్రో స్టేషను క్రింద నిలుచున్న ఒక యువ ఉద్యోగిని తలపై, రమారమి 9 మీటర్ల ఎత్తునుండి గోడపూత పెచ్చు పడగా ఆమె మరణించినది. మొదటి కట్టడము వయస్సు 428 ఏండ్లు. రెండవది 2017 నవంబరు చివరలో ప్రజలకు తెరువబడినది. అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు.

పాతగోడ పడును, కొత్తగోడ నిలుచును అని మనమందరము అనుకొందుము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో తెలియవలెనన్న, గోడపూత గోడను ఎట్లు పట్టుకొనియుండునో, ఎట్లు విడిచిపెట్టునో చూడవలెను.

చార్మినారును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించెను. లోపల రాయి, పైన సున్నపు గార. ఆ గారకు డంగు సున్నము వాడెడివారు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినచో అందులోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెడలిపోయి పొడిసున్నము మిగులును. దానిని నీటిలో విరిసి, ఇసుక కలిపి, గానుగలో త్రిప్పి మెత్తగా నూరెదరు. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపు అలవాటును కలదు. గోడకు పట్టించిన తర్వాత ఆ సున్నము గాలినుండి బొగ్గుపులుసు వాయువును మరల నెమ్మదిగా పీల్చుకొని తిరిగి రాయిగా మారును. బట్టీలో పోగొట్టుకొన్నదానిని గోడమీద తిరిగి సంపాదించుకొనునన్నమాట! ఇందుకు నెలలు పట్టును, మందమైన పూతకు ఏండ్లే పట్టును.

ఇంత గట్టిదైన గార ఏల ఊడవలెను? పూతకును వెనుకనున్న రాతికిని ఎండలో సాగుట, చలికి కుంచించుకొనుట ఒక్కతీరుగా ఉండదు. ఏటేట ఈ తేడా వాటి నడుమనున్న పట్టును సడలించును. సన్నని బీటలగుండా వాననీరు లోపలికి పోవును. నీటిలోని లవణములు ఎండినపుడు పలుకులుగా గట్టిపడి పూతను వెలుపలికి త్రోయును. పైకి గోడ చక్కగనే కనిపించును. లోపల మాత్రము అది డొల్ల. నీరు పీల్చి బరువెక్కిన దినమున డొల్ల భాగము ఊడిపడును. కనుకనే పెచ్చులు పడుట తరచుగా వానలతోపాటు వినవచ్చు వార్త.

చార్మినారుకు ఇట్టి కష్టములు క్రొత్తవి కావు. 1687లో గోలకొండ మొగలుల వశమైన తరువాత వారి సుబేదారుల కాలమున నైరుతి మీనారు పిడుగుపాటుకు ముక్కలు కాగా 60,000 రూపాయలతో బాగుచేయించిరట. 1824లో లక్ష రూపాయల వ్యయముతో కట్టడమునకు తిరిగి గార పెట్టించిరి. రెండు సందర్భములలోను గోడ చెడిన పిమ్మటనే ఖజానా తలుపు తెరుచుకొన్నది.

నేటి ఇండ్ల సంగతి వేరు. సిమెంటు కాంక్రీటు లోపల ఇనుప ఊచలుండును. కాంక్రీటుకు గల బలమైన క్షారగుణము ఆ ఊచలకు తుప్పు పట్టకుండ కాపాడును. అయితే సున్నపు గారను రాయిగా మార్చిన బొగ్గుపులుసు వాయువే ఇచ్చట శత్రువగును! అది కాంక్రీటులోనికి మెల్లమెల్లగా చొచ్చుకొనిపోయి క్షారగుణమును తగ్గించును. ఆ పిమ్మట తేమ తగిలిన ఊచ తుప్పు పట్టును. తుప్పు ఇనుముకన్న కొన్ని రెట్లు ఎక్కువ చోటును ఆక్రమించును. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులై రాలును. సజ్జలు, బాల్కనీ అంచులు, పిట్టగోడలు మొట్టమొదట పాడగుట ఇందువల్లనే. ఇది వయస్సుతో వచ్చు జబ్బు. కొత్త గోడలకు వచ్చు జబ్బు మరియొకటి: నున్నని కాంక్రీటుపై ఉలితో గాట్లు పెట్టకుండ పూత పూయుట, ఇటుకను తడుపకపోవుట, మందమైన పూతను ఒక్కమారే వేయుట, తర్వాత చాలినన్ని దినములు నీళ్ళు పట్టకపోవుట. ఇట్టి పూతకు మొదటినాడే పట్టు ఉండదు. అది పడుటకు ఏండ్లు పూర్తికానక్కరలేదు.

పరదేశములలో గోడల పరీక్షకు చట్టములు పుట్టుటకు మూలము కూడ ఒక మరణమే. 1979 మేలో న్యూయార్కు నగరమున ఒక కళాశాల విద్యార్థిని కాలిబాటపై నడచుచుండగా భవనపు పైభాగమునుండి ముక్క ఊడిపడి ఆమె మరణించినది. 1980లో వచ్చిన చట్టము ఆరు అంతస్తులకు మించిన భవనముల వీధివైపు గోడలను అయిదేండ్లకొకమారు నిపుణునిచే పరీక్ష చేయింపవలెనని శాసించినది. అయితే వీధిలో నిలుచుండి దుర్భిణితో చూచినను పరీక్షయే అనిపించుకొన్నది. డొల్లతనము దుర్భిణికి అందునా? 1997 డిసెంబరులో మాడిసన్ అవెన్యూలోని ఒక ఆకాశహర్మ్యపు ఇటుకలు వీధిలో కూలిన తర్వాత, 1998లో చట్టమును సవరించి, అన్ని వైపుల గోడలను, పరంజాపైనుండి దగ్గరగా చూడవలెనని నిర్ణయించిరి. దీనికొక విడ్డూరపు ఫలితమును కలిగినది. గోడ చెడినదని తేలినచో బాటపై రక్షణ పందిరి వేయవలెను. మరమ్మతుకన్న పందిరి అద్దె చౌక! కాబట్టి ఏండ్ల తరబడి పందిళ్ళే నిలిచిపోయినవి.

హాంకాంగు 2012లో 30 ఏండ్లు నిండిన భవనములకు పదేండ్లకొక పరీక్షను, సింగపూరు 2022లో 13 మీటర్లకు మించి 20 ఏండ్లు దాటిన భవనములకు ఏడేండ్లకొక పరీక్షను విధించినవి. ఇవన్నియు మేలైనవే. కాని అమీర్‌పేట పెచ్చును వీటిలో ఏ ఒక్కటియు పట్టుకొనియుండెడిది కాదు. ఈ గడువులన్నియు ముసలి గోడలకొరకు ఏర్పడినవి.

హైదరాబాదు నగర పాలక సంస్థకు ఆధారమైన 1955 నాటి చట్టములో 456వ సెక్షను కలదు. శిథిలమైన, లేదా పడిపోవునట్లున్న కట్టడమును తొలగింపుమని, బాగుచేయుమని యజమానికి నోటీసు ఇచ్చు అధికారము దానివలన వచ్చినది. వానాకాలమునకు ముందు శిథిల గృహములను లెక్కించుట నగరములో పరిపాటి. ఇది ఒరిగిన ఇంటిని చూచు కన్ను; నిటారుగా నిలిచి లోపల డొల్లబారిన పూతను చూచునది కాదు. ఇక 2012 నాటి భవన నిర్మాణ నియమములు 18 మీటర్లు, ఆపై ఎత్తుగల వానిని ఎత్తైన భవనములని నిర్వచించినవి. 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావు పేరుగల వెంగళరావు నగర్‌లో, అమీర్‌పేట ప్రక్కనే, వీధికి ఇరువైపుల నిలిచిన మూడు నాలుగు అంతస్తుల ఇండ్లు ఆ లెక్కలోనికి రావు.

కాని భూమ్యాకర్షణకు నిర్వచనములతో పనిలేదు. 9 మీటర్ల ఎత్తునుండి జారిన ముక్క నేలకు చేరుటకు ఒక సెకను, మరి మూడవవంతు చాలును. అప్పటికి దాని వేగము గంటకు 48 కిలోమీటర్లు. తలయెత్తి చూచి తప్పుకొనుటకు వ్యవధి ఎక్కడిది? 9 మీటర్లనగా మూడు అంతస్తుల ఇంటి పిట్టగోడ ఎత్తు.

డొల్లను కనిపెట్టుటకు తాపీ మేస్త్రీలకు అనాదిగా తెలిసిన పద్ధతి ఒకటున్నది. చిన్న సుత్తితో గోడను జానెడు జానెడు దూరమున తట్టి వినుట. పట్టున్నచోట ఖణేలుమను ధ్వని, పట్టు విడిచినచోట బోలు శబ్దము. నేడు వేడిమిని చిత్రించు కెమెరాలును వచ్చినవి. ఎండ సోకినపుడు డొల్ల భాగము తక్కిన గోడకన్న త్వరగా వేడెక్కుట వాటికి ఆనవాలు. అయినను చివరకు సుత్తితో రూఢి చేసికొనుటయే వాడుక. సుత్తి చేతికి అందవలెనన్న మనిషి ఆ ఎత్తునకు పోవలెను. కొత్తగా కట్టిన ఇంటికి పరంజా ఎట్లును నిలిచియే ఉండును. దానిని విప్పకముందు నాలుగు గోడలను తట్టి చూచుట ఒకటి రెండు దినముల పని. విప్పిన తరువాత అదే పిట్టగోడను తట్టుటకు పరంజాను మరల నేలనుండి కట్టుకొని పోవలెను.