వేంగి రాజుల తేదీలు, మన డేట్ క్లాసులు

రెండు తేదీల్లో ఏది ముందు? మధ్యలో ఓ చిన్న గుర్తు పెడితే కంప్యూటరే చెప్పేస్తుంది అనుకుంటాం. ఏలూరుకి ఓ 12 కిలోమీటర్లలో ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి. అక్కణ్ణుంచి ఏలిన తూర్పు చాళుక్యుల శాసనాల మీద ఈ పని చేసి చూడండి, సరదా తీరిపోతుంది.

అసలు అంకెలే ఉండవు. రెండవ అమ్మరాజు పట్టాభిషేకం జరిగిన శక సంవత్సరాన్ని గిరి, రస, వసు అని చెప్పారు. అంటే 7, 6, 8. రాజరాజనరేంద్రుడిది (నన్నయ చేత భారతం రాయించినాయన) కోరుమిల్లి శాసనంలో వేద, అంబురాశి, నిధి. అంటే 4, 4, 9. ఉన్నదున్నట్టు చదివితే 768, 449. రాజరాజే ముందన్నమాట! కానీ అమ్మరాజు ఈయన తాత దానార్ణవుడికి తమ్ముడు. కిటుకేంటంటే ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం ముందొస్తుంది. తిరగేస్తే శక 867, 944. వరస కుదిరింది. లిటిల్ ఎండియన్ రాగిరేకులు!

ఇంగ్లీషు తేదీల్లో ఇవి 945 డిసెంబరు 5, 1022 ఆగస్టు 16. శాసనాలు వారం కూడా చెప్తాయి: శుక్రవారం, గురువారం. ఇప్పుడు పైథాన్‌ని అడగండి. ఆదివారం, శుక్రవారం అంటుంది. శాసనం తప్పా? కాదండీ. చరిత్ర పుస్తకాల్లో 1582కి ముందు తేదీలు జూలియన్ కాలెండరువి. పైథాన్ గ్రెగోరియన్‌నే వెనక్కి సాగదీస్తుంది. 945లో తేడా 5 రోజులు, 1022లో 6. అందుకే ఏది ముందో సరిగ్గానే చెప్తుంది గానీ, మధ్యలో ఎన్ని రోజులంటే ఒకటి తగ్గిస్తుంది. జావాది ఇంకో గమ్మత్తు. పాత గ్రెగోరియన్ కాలెండర్ క్లాసు శాసనంతో ఏకీభవిస్తుంది, 2014లో జావా 8తో వచ్చిన లోకల్ డేట్ ఏకీభవించదు.

వంశాన్ని చంద్రుడి దాకా లాక్కెళ్ళిన ఆ కవులే తేదీ దగ్గరికొచ్చేసరికి తిథి, వారం, నక్షత్రం, లగ్నం అన్నీ ఇచ్చారు. చెక్‌సమ్ లాంటివి. నాకు నచ్చింది ఇదే. ఎందుకంటే ముందు తరాల్లో చాలామందికి ఎన్నాళ్ళు ఏలారన్న లెక్కే ప్రధాన ఆధారం. ఇంద్రభట్టారకుడు 7 రోజులు. రెండవ విజయాదిత్యుడు ఒక శాసనంలో 40 ఏళ్ళు, ఇంకోదాంట్లో 44, మరోదాంట్లో 48! అమ్మరాజు తేదీని మేకులా పాతుకుని ఇవన్నీ వెనక్కి తీసేసుకుంటూ పోతే, మొదటి రాజు కుబ్జవిష్ణువర్ధనుడి ఆరంభం ఫ్లీట్ దొర లెక్కలో 615, మరికొందరి లెక్కలో 624.