పందెపు పావురము – దాని గూటి చరిత్ర

చిత్రగ్రీవుని కథ తెలియని తెలుగు విద్యార్థి అరుదు. వలలో చిక్కిన పావురములన్నియు ఒక్కుమ్మడిగా వలతో సహా ఎగిరి, హిరణ్యకుడను ఎలుక బిలము దగ్గర వ్రాలినవి. పంచతంత్రములోని యీ కథ చిన్నయసూరి 'నీతిచంద్రిక' ద్వారా మన పాఠశాలలలో స్థిరపడినది. కథ ఐకమత్యమును బోధించుటకు చెప్పినదే. కాని ప్రకృతిశాస్త్రము చదువువారికి అందులో మరియొక ప్రశ్న తోచును. ఆకాశములో ఎగురు పావురమునకు తాను చేరవలసిన చోటు ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మానవుడు పావురము చేత ఉత్తరములు మోయించినాడు, యుద్ధములలో వాడినాడు, తుదకు పందెములు పెట్టినాడు. వీటన్నిటికిని ఆధారము ఒక్కటే: పావురమునకు తన గూటిపైనున్న మమకారము. కనుక పందెపు పావురము చరిత్ర అనగా దాని గూటి చరిత్రయే.

కొండచరియ నుండి మిద్దెమీదికి

పెంపుడు పావురములన్నిటికి మూలపురుషుడు కొండపావురము. ఇది చెట్టుపై గూడు కట్టదు; కొండచరియలలోని అరలలో, గుహలలో గ్రుడ్లు పెట్టును. ప్రొద్దున చేలకు పోయి గింజలు మేసి, సాయంకాలమునకు తన అరకే తిరిగి వచ్చును. చార్మినారు గూళ్ళలో, మక్కామసీదు చూరులలో, గోలకొండ ప్రాకారములలో పావురములు గుంపులుగా చేరుటకు కారణమిదే. వాటి కంటికి అవి మనుష్యులు కట్టిన కొండచరియలు. మానవుడు గూటిలో చిన్న చిన్న అరలు అమర్చుటలో చేసినదెల్ల ఆ కొండచరియను అనుకరించుటయే.

పావురముల పెంపకము మన దేశములో రాజాస్థానముల వినోదముగా వర్ధిల్లినది. అక్బరు ఈ క్రీడను 'ఇష్క్‌బాజీ' అని పిలిచెడివాడు. ఆయన ఆస్థానములో ఇరువదివేలకు పైగా పావురములుండెడివని, వానిలో ఐదువందలు మాత్రము శ్రేష్ఠమైనవిగా ఎంచబడెడివని అబుల్ ఫజలు 'ఐనీ అక్బరీ'లో వ్రాసినాడు. ఉత్తరములు మోయుటకు తగిన జాతిని గూడ అందు పేర్కొన్నాడు. హైదరాబాదు పాతబస్తీలో హుస్సేనీ ఆలం ప్రాంతమున 'కబూతర్ ఖానా' అను పేట నేటికిని ఆ అభిరుచికి గుర్తుగా నిలిచియున్నది.

అయితే ఒక భేదమును గమనింపవలెను. మన నగరములలోని కబూతర్‌బాజీలో పావురములు తమ మిద్దెపైననే ఎగురును. ఎంత ఎత్తున, ఎంతసేపు ఎగిరినవి, యజమాని ఈలకు ఎట్లు లోబడినవి అనునదే అక్కడ గొప్ప. దూరమునుండి ఇల్లు చేరు పందెము వేరు విద్య. అది ఐరోపాలో పుట్టినది.

డార్వినుకు మద్రాసు నుండి వచ్చిన పావురములు

ఆ విద్యను చూచుటకు ముందు మన ప్రాంతమునకు సంబంధించిన ఒక విశేషము చెప్పుకొనవలెను. 1845లో అమరావతి స్తూపమున త్రవ్వకములు జరిపించిన వాల్టర్ ఎలియట్ దొర పేరు చరిత్రోపాధ్యాయులకు తెలిసినదే. ఉత్తర సర్కారులలో కమీషనరుగా పనిచేసిన ఈయన జంతుశాస్త్రమునందును ఆసక్తి గలవాడు. చార్లెస్ డార్విను జాతుల పుట్టుకను పరిశోధించుచున్న రోజులలో ఎలియట్ ఇక్కడి పావురముల చర్మములను సేకరించి పంపినాడు. డార్విను 1859లో ప్రకటించిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథములో ఆ సహాయమును పేరు చెప్పి స్మరించినాడు. 1770లో మరణించిన ఒక భారతీయ రచయిత పావురములపై వ్రాసిన గ్రంథమునకు అనువాదము గూడ ఎలియట్ వలననే తనకు లభించినదని 1868 నాటి గ్రంథములో వ్రాసినాడు.

డార్విను స్వయముగా పావురములను పెంచి, లండను పావురముల సంఘములలో సభ్యుడై, భిన్నజాతులను జతపరచి చూచినాడు. రంగురంగుల జాతుల సంతానములో ఒక్కొక్కప్పుడు బూడిదనీలి రంగు, రెక్కపై రెండు నల్లని పట్టీలు గల పిల్ల పుట్టుచుండెను. అది కొండపావురపు రూపము! జాతులన్నియు ఒకే మూలమునుండి వచ్చినవనుటకు ఇది సాక్ష్యము. ఐరోపా కొండపావురమునకు నడుము పైభాగము తెల్లగా నుండును; మన దేశపు పావురమునకు అచ్చట బూడిదనీలి రంగే యుండును. డార్విను గుర్తించిన యీ భేదమును విద్యార్థులు తమ పాఠశాల గోడపై వ్రాలు పావురములోనే చూడవచ్చును.

బెల్జియములో పుట్టిన పందెము

పంతొమ్మిదవ శతాబ్దారంభమున బెల్జియము దేశస్థులు అనేక జాతులను కలిపి, ఇల్లు చేరుటలో దిట్టమైన 'హోమర్' పావురమును రూపొందించిరి. 1818లో అచ్చట 160 కిలోమీటర్లకు పైబడిన దూరపు పందెము జరిగినది. 1820లో ప్యారిస్ నుండి లియేజ్ నగరమునకు, 1823లో లండను నుండి బెల్జియమునకు పందెములు నడచినవి. తంతి తీగ ఇంకను పూర్తిగా వేయని 1850లో, ఆకెన్, బ్రస్సెల్స్ నగరముల నడుమ రాయిటర్ అనునాయన వర్తక వార్తలను పావురములతో పంపి, తరువాత జగత్ప్రసిద్ధమైన వార్తాసంస్థను నెలకొల్పినాడు.

1870–71లో జర్మను సేనలు ప్యారిస్‌ను ముట్టడించినప్పుడు, పావురములను బెలూనులలో బయటికి పంపి, సూక్ష్మఛాయాచిత్రములుగా తీసిన ఉత్తరములను తోకఈకకు కట్టి తిరిగి విడిచెడివారు. ఆ చిత్రములను తీసినవాడు దాగ్రాన్. ఒక్కొక్క చిన్న పొరలో వందల కొలది జాబులు ఇమిడెడివి. కాని సుమారు మూడువందల పావురములను విడువగా అరువదికి లోపే నగరము చేరినవి. చలి, మంచు, డేగలు, తగిన శిక్షణ లేకపోవుట – ఇవి కారణములు. పావురము యంత్రము కాదనుటకు ఈ లెక్కయే చాలును.

రెండవ ప్రపంచయుద్ధమున శౌర్యము చూపిన జంతువులకు బ్రిటనులో 'డికిన్' పతకమును 1943 నుండి ఈయసాగిరి. ఆ కాలమున దానిని పొందిన వానిలో 32 పావురములు కలవు.

మన పొరుగున ఒరిస్సా పోలీసు శాఖ 1946లో సైన్యమునుండి పావురములను తీసికొని కోరాపుటులో వార్తాసేవ ప్రారంభించినది. 1936కు పూర్వము కోరాపుటు ప్రాంతము మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. రోడ్లు లేని ఆ కొండలలో బెల్జియము హోమర్లే తంతి, తపాలా అయినవి. 1948 ఏప్రిల్‌లో ప్రధాని నెహ్రూ సంబల్పురము నుండి కటకమునకు ఒక సందేశమును పావురముతో పంపినారు. 1982 వరదలలోను, 1999 పెనుతుఫానులోను తీగలు తెగినప్పుడు ఈ పక్షులే పనికివచ్చినవి. ఈ శతాబ్దపు తొలి దశకములో ఆ సేవ ముగిసినది. కొన్ని పక్షులను మాత్రము ఉత్సవములకై కటకములో పోషించినారు.

దారి చెప్పునదెవరు?

జర్మను శాస్త్రజ్ఞుడు గుస్తావ్ క్రామర్ 1950 తరువాత చేసిన ప్రయోగములలో పక్షి సూర్యుని దిక్సూచిగా వాడుకొనునని తేలినది. పావురములను చీకటిగదిలో ఉంచి, కృత్రిమ దీపములతో వాని పగలును ఆరుగంటలు ముందుకో వెనుకకో జరిపినచో, అవి సుమారు 90 డిగ్రీలు తప్పుదిక్కునకు పోవును. అనగా పావురములో సూర్యుని చలనమును లెక్కించు గడియారమొకటి ఉన్నది. మబ్బు పట్టిన దినమున ఏమి చేయును? 1971లో అమెరికా శాస్త్రజ్ఞుడు కీటన్, పావురములకు చిన్న అయస్కాంతములు కట్టి విడిచెను. ఎండరోజున అవి దారి తప్పలేదు, మబ్బురోజున తప్పినవి. భూమి అయస్కాంత శక్తి రెండవ దిక్సూచి అని దీనివలన ఊహించిరి. 1972లో ఇటలీ దేశపు పాపీ మరియొక సంగతి చూపినాడు: వాసన గ్రహింపలేని పావురములు పరిచయము లేని చోటునుండి ఇల్లు చేరుటకు కష్టపడును. గూటిలో పెరుగునప్పుడే, ఏ గాలి ఏ వాసన తెచ్చునో పిల్ల నేర్చుకొనునట. ఇల్లు సమీపించిన తరువాత రోడ్లు, రైలుదారులు, చెరువులు గుర్తులగును. వీనిలో దేనికెంత ప్రాధాన్యమో నేటికిని వాదము తీరలేదు.

గాలి ఆడని పెట్టెలో పెరిగిన పావురము దారి నేర్వదని ఈ ప్రయోగముల వలన తెలియుచున్నది. గూటి నిర్మాణము వడ్రంగపు పని మాత్రమే కాదు, శాస్త్రవిషయము కూడ.

మేడ్చల్, శామీర్‌పేటలలో గూడు కట్టినచో

2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ ప్రాంతము దక్కను పీఠభూమి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. జూను నుండి సెప్టెంబరు వరకు వాన నైరృతి దిక్కునుండి కొట్టును. కావున గూటి ముఖము తూర్పునకో ఆగ్నేయమునకో ఉండవలెను. క్రొత్తగా పెంచువానికి ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల గది చాలును. జతకు ఒక ఘనమీటరు చోటు అను లెక్కన ఇందులో ఎనిమిది జతలకు మించి ఉంచరాదు. ఇరుకే వ్యాధికి మూలము. నేలకు రెండడుగుల ఎత్తున స్తంభములపై కట్టి, స్తంభములకు రేకు తొడుగులు బిగించినచో ఎలుకలు, పాములు ఎక్కవు. క్రింద గాలి వచ్చుటకు, చూరు దగ్గర వేడిగాలి పోవుటకు దారులుండవలెను. రేకు కప్పు వేసినచో దానిపై గడ్డి పరచుట మేలు.

లోపల జతకొక గూటి అర, పక్షికొక కూర్చుండు కొయ్య. వాకిట దిగుటకు ఒక పలక. దాని వెనుక వేలాడు తీగల తలుపు. పావురము తీగలను నెట్టుకొని లోనికి రాగలదు, బయటికి పోలేదు. జొన్నలు, సజ్జలు, మొక్కజొన్నలు, పెసలు, బఠాణీలు కలిపి పక్షికి దినమునకు సుమారు 30 గ్రాములు పెట్టవలెను. గుల్లపొడి, ఇటుకముక్కలు, కొంచెము ఉప్పు, ప్రతి ప్రొద్దున క్రొత్తనీరు తప్పవు.

పెద్ద పావురములను కొని విడుచువాడు వానిని పోగొట్టుకొనును. అవి పాత యజమాని ఇంటికే పోవును. నెలరోజుల పిల్లలను తెచ్చి, వల కట్టిన వాకిట కొన్నాళ్ళుంచి, చుట్టుప్రక్కలు చూడనిచ్చి, ఆకలిమీద విడువవలెను. తరువాత 2, 5, 10, 20 కిలోమీటర్లు – ఇట్లు దూరము పెంచవలెను. మేడ్చల్ నుండి ఉత్తరముగా పోవు రైలుదారిపై కామారెడ్డి సరళరేఖలో దాదాపు 78 కిలోమీటర్లు, నిజామాబాదు 122 కిలోమీటర్లు.

ముందు వచ్చినదే గెలిచినట్లా?

కాదు. ప్రతి గూటికి దూరము వేరు. కామారెడ్డిలో ఒకేసారి విడిచిన రెండు పక్షులను ఊహింతము. మేడ్చల్ పక్షి 78 కిలోమీటర్లను 65 నిమిషములలో చేరినది. దాని వేగము నిమిషమునకు 1,200 మీటర్లు. శామీర్‌పేట పక్షి 84 కిలోమీటర్లను 69 నిమిషములలో చేరినది. వేగము 1,217 మీటర్లు. నాలుగు నిమిషములు ఆలస్యముగా వచ్చిన శామీర్‌పేట పక్షియే గెలిచినది! అందుకే గూటి స్థానమును అక్షాంశ రేఖాంశములతో కొలుతురు. పక్షి కాలి ఉంగరమును సీలు వేసిన గడియారములో వేసి కాలము గుర్తించుట పూర్వపు పద్ధతి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఉంగరములు వచ్చినవి. గణితోపాధ్యాయునకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

మరచిపోరాని సంగతులు

ఈ ప్రాంతమున గూడు కట్టువాడు మొదట ఆకాశమును చూడవలెను. శామీర్‌పేట దారిలో హకీంపేట, మేడ్చల్‌కు పడమట దుండిగల్ వాయుసేన విమానస్థలములు కలవు. శిక్షణ పొందు యువకుని విమానమునకు ఒక్క పావురము తగిలినను ప్రాణాపాయము. వాని సమీపమున గూడు తగదు. స్థలము నిర్ణయించుటకు ముందే అధికారులను విచారించుట ధర్మము.

రెండవది, కోళ్ళఫారములు. ఈ చుట్టుప్రక్కల అవి విస్తారముగా నున్నవి. కోళ్ళకు వచ్చు రాణిఖేత్ వ్యాధికి కారణమైన వైరసునకు దగ్గరి చుట్టమైన వైరసు పావురములకును సోకును. పశువైద్యుని సలహాతో టీకా వేయించి, ఊరపావురములను గూటిలోనికి రానీయకుండుట పెంచువానికే గాక పొరుగు రైతునకు కూడ రక్షణ.

మూడవది, మన ఊపిరితిత్తులు. ఎండిన రెట్టల ధూళిని ఏళ్ళ తరబడి పీల్చినవారికి తీవ్రమైన శ్వాసకోశవ్యాధి రావచ్చును. ముక్కుకు గుడ్డ కట్టుకొని, రెట్టలను తడిపి తీయవలెను. ఉబ్బసము గల విద్యార్థిని ఈ పనికి పెట్టరాదు.

నాల్గవది, డేగలు. అవి పావురములను పట్టుట ప్రకృతిధర్మము; వానిని చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. డేగ తిరుగు వేళ పక్షులను విడువకుండుటే ఉపాయము.

వేగము కొఱకు పక్షిని శక్తికి మించిన దూరమున విడుచువాడు ప్యారిస్ ముట్టడినాటి లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలెను. అక్కడ యుద్ధము, వేరు దారి లేదు. ఇక్కడ వినోదము మాత్రమే. ఎండవేళ, తుఫానువేళ విడిచిన పక్షి తిరిగి రానిచో తప్పు పక్షిది కాదు. తంతి, టెలిఫోను వచ్చి పావురమునకు ఉద్యోగము పోయినను, దాని విద్య పోలేదు. ఆ విద్యను మనము పూర్తిగా గ్రహింపనూ లేదు. శుభ్రమైన చిన్న గూడు, ఎనిమిది జతల పక్షులు, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము ఉన్న పాఠశాలలో క్రామర్, కీటన్ అడిగిన ప్రశ్నలనే విద్యార్థులు మరల అడుగవచ్చును.