శలభ విమానములు, వినోద నవలలు

నవల చేతబట్టుకొని మూల గూర్చున్న బాలికను జూచి, "ఈ పొల్లు కథలు చదివి యేమి బాగుపడుదువు?" అని పెద్దలు గద్దించుట మన యిండ్లలో క్రొత్త గాదు. అది అపరాధపరిశోధక నవలయై, నడుమ గొంత ప్రణయము కూడ గలదైనచో నిక జెప్ప నక్కరయే లేదు. మేమును చిరకాలము ఆ పెద్దల పక్షముననే యుంటిమి. కాని యొక చిన్న నవలను జదివి, దాని వెనుకనున్న చరిత్రను గొంత పరిశీలించిన పిదప మా యభిప్రాయము సగము మారినది. సగమే యని యేల యనుచున్నామో చివర విన్నవించెదము.

ఆ నవల 1934వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడినది. పేరు 'డెత్ ఆఫ్ యాన్ ఎయిర్‌మన్', అనగా 'ఒక వైమానికుని మరణము'. గ్రంథకర్త క్రిస్టఫర్ సెయింట్‌జాన్ స్ప్రిగ్. కథాస్థలము పల్లెపట్టున నొక చిన్న విమానసంఘము. అచట శిష్యులకు విమానము నడప నేర్పు గురువు ఒకనాడు విమానముతో గూలి మరణించును. అందరును అది ప్రమాదమనియే తలంతురు. విద్య నేర్చుకొనుటకై ఆస్ట్రేలియానుండి వచ్చిన యొక బిషపుగారు మాత్రము మృతదేహపు స్థితిని జూచి సందేహపడును. అటుపై స్కాట్లండుయార్డు ఉద్యోగి వచ్చుట, చిక్కు విడుట మొదలగునవి యిట్టి కథల మర్యాద ననుసరించియే నడచును. మర్మమును మేము బయటపెట్టము. చదువువారి సంతోషమును చెరచుట న్యాయము గాదు.

మా దృష్టి నాకర్షించినది హంతకుడు గాడు. ఆ విమానసంఘమును నడపు నిర్వాహకురాలు. ఆమె యువతి. లెక్కలు వ్రాయుట, పద్దులు వసూలు చేయుట, గర్విష్ఠులగు సభ్యులను అదుపులో నుంచుట, పోలీసులకు సమాధానము చెప్పుట, అన్నియు నామెయే చేయును. దీనిని గ్రంథకర్త వింతగా వర్ణింపడు. వాకిట చెట్టున్నదని చెప్పినంత తేలికగా జెప్పి ముందుకు సాగును. ఇది యెట్లు సాధ్యమైనది? 1934 నాటి చదువరులకు ఈ సంగతి సహజముగా దోచుటకు గారణమేమి? ఈ ప్రశ్నకు జవాబు నవలలో లేదు, చరిత్రలో నున్నది.

మొదటి మహాయుద్ధము ముగియునాటికి విమానమనగా సేనలకును, మహాధనికులకును జెందిన వస్తువు. జెఫ్రీ డి హావిలాండ్ అను నిర్మాత 1925 ఫిబ్రవరి 22వ తేదిన నొక చిన్న విమానమును ఎగురవేసెను. ఆయనకు సీతాకోకచిలుకలయందును, శలభములయందును మిక్కిలి మక్కువ. అందుచే దానికి 'మాత్', అనగా శలభమని పేరిడెను. కొయ్యతోను, బట్టతోను గట్టిన రెక్కలు. ఇద్దరు మాత్రము ముందువెనుకలుగా గూర్చుండు స్థానము. యుద్ధానంతరము మిగిలిపోయిన పెద్ద యింజనుల భాగములతో, వానిలో సగమంతటిదిగా గూర్చిన 60 గుర్రపుబలముల యింజను. రెక్కలను వెనుకకు మడచినచో మామూలు కొట్టములో నిమిడిపోవును. మోటారుబండికి గట్టి లాగికొని పోవచ్చును. ఆ యేటనే బ్రిటిషు ప్రభుత్వము చిన్నవిమాన సంఘములకు ధనసహాయము చేయ నారంభించెను. దీనితో నాకాశపు ద్వారము పూర్తిగా దెరువకున్నను, కొంచె మోరగా దెరచుకొన్నది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వర్తకుల బిడ్డలు ఆ సందులోనుండి లోనికి బోయిరి. వారితో గూడ స్త్రీలును బోయిరి.

పరిశోధక నవలకు ఈ చిన్న విమానము చక్కగా నమరినది. గురువును శిష్యుడును వేర్వేరు గుంటలలో గూర్చుండి రబ్బరు గొట్టముగుండ మాటలాడుకొందురు. ఒంటరిగా నెగిరినవానికి, వినుటకుగాని పలుకుటకుగాని యెవ్వరును లేరు. తలుపు గడియవేసిన గదిలో మరణమెట్టిదో, ఆకాశమున నేకాకి మరణమును అట్టిదే. మరియొకవంక, ప్రతి ప్రయాణమునకు పుస్తకములో లెక్క యుండును. ఎంతసేపు ఎగిరెనో, ఇంజను ఎన్ని గంటలు నడచెనో అన్నియు వ్రాయబడి యుండును. లెక్క తప్పినచోట కథ పుట్టును. స్ప్రిగ్గు పదునైదేండ్లకే బడి మాని, పత్రికాపనిలో బ్రవేశించి, సోదరునితో గలిసి విమానవిషయక ప్రచురణసంస్థను నడపినవాడు. విమానము నడపుటను గూర్చి ప్రారంభశిష్యులకొక పాఠ్యగ్రంథమును గూడ వ్రాసెను. కాబట్టి యాతడు చూచిన లోకమునే కథకు రంగముగా జేసికొనెను. అందుచేతనే ఆ నిర్వాహకురాలు మనకు గల్పితవ్యక్తిగా దోపదు.

అయిన నా సందులోనుండి లోనికి బోవుట స్త్రీలకు సుకరము గాదు. 1924లో అంతర్జాతీయ వైమానికసంఘము, ప్రయాణికులను గొనిపోవు విమానములలో స్త్రీలకు ఉద్యోగము గూడదని తీర్మానించెను. సరదాకు ఎగురవచ్చును, జీతమునకు గూడదన్నమాట. ఐర్లండు దేశీయురాలు సోఫీ ఎలియట్‌లిన్, పిమ్మట లేడీ హీత్ అని పేరొందిన వనిత, దీనిపై గట్టిగా బోరాడెను. తానే పరీక్షకు నిలిచి తన సామర్థ్యమును జూపెను. 1926లో ఆ నిషేధము తొలగినది. 1928లో నామె చిన్న విమానమున దక్షిణాఫ్రికానుండి లండనునకు ఒంటరిగా వచ్చెను. నవలలోని యువతి కార్యాలయమున నిశ్చింతగా గూర్చుండుటకు వెనుక ఈ పోరాటమున్నది. నవల దానిని జెప్పదు. ఫలమును జూపి చెట్టును దాచుట వినోదసాహిత్యపు స్వభావము.

ఇక అమీ జాన్సన్ కథ వినుడు. ఈమె 1903లో హల్ పట్టణమున చేపల వర్తకుని యింట జనించెను. లండనులో నొక న్యాయవాది కార్యాలయమున గుమాస్తాగా బనిచేయుచు, తీరికవేళల విమానవిద్య నేర్చుకొనెను. ఒక ప్రేమ విఫలమై మనసు విరిగినకాలమున నీ విద్య ఆమెకు దిక్కైనది. 1929లో చోదకురాలిగా లైసెన్సు సంపాదించి, నూనెమసి చేతులతో యంత్రములు విప్పి బిగించుట నేర్చి, ఆ యేడే ఇంజనుపని లైసెన్సు గూడ బడసెను. బ్రిటనులో స్త్రీ యా లైసెన్సు పొందుట అదియే ప్రథమము. తండ్రియు, వేక్‌ఫీల్డు ప్రభువును సహాయము చేయగా 600 పౌనులకు ఇంతకుముందే వాడిన యొక 'జిప్సీ మాత్' కొని, 1930 మే 5వ తేదిన క్రాయిడనునుండి యొంటరిగా బయలుదేరెను. కరాచి దాటి వచ్చుచు, పెట్రోలు చాలక ఝాన్సీ సైనికుల మైదానమున దిగెను. కలకత్తా మీదుగా రంగూను సమీపమునకు బోయి గుంటలో బడి విమానము దెబ్బతినగా బాగుచేయించుకొని మరల నెగిరెను. మే 24వ తేదిన ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరెను. అదివరకు స్త్రీ యెవ్వతెయు ఒంటరిగా అంతదూరము పోయియుండలేదు.

నవల యైనచో కథ యిచటనే ముగియవలెను. పేరుమోసిన వైమానికునితో నామె పెండ్లి యొక్కటి చేర్చినచో సంపూర్ణము. నిజమునకు 1932లో నదియు జరిగినది. వరుడు జిమ్ మోలిసన్, తానును ప్రసిద్ధ వైమానికుడే. పత్రికలు ఆనందించినవి. కాని చరిత్ర పెండ్లిపందిటిలో నాగదు. ఆ దాంపత్యము 1938లో విడాకులతో ముగిసెను. తరువాత రెండవ మహాయుద్ధమున నామె విమానములను కర్మాగారములనుండి సేనలకు జేర్చు సంస్థలో జేరెను. ఆ సంస్థకు బాలిన్ గవర్ అను వనిత నాయకత్వమున 1940లో ఎనమండుగురు స్త్రీలు మొదట వచ్చిరి. 1943నుండి వారికి పురుషులతో సమానముగా జీతము లభించెను. అమీ ఆ దినమును జూడలేదు. 1941 జనవరి 5వ తేదిన దట్టమైన మబ్బులలో దారితప్పి, థేమ్సు నది సముద్రమున గలియుచోట నీటిలో బడెను. ఆమెను రక్షింపవలెనని యొక నౌకాధికారి చలినీటిలోనికి దుమికి తానును ప్రాణములు గోల్పోయెను. ఆమె దేహము దొరకనేలేదు. ఆ మరణమున కేది కారణమో నేటికిని వాదములున్నవి. పరిశోధక నవలలో చివరి ప్రకరణమున నెవరో యొకరు చిక్కు విప్పుదురు. జీవితమున నట్టి ప్రకరణము తరచుగా వ్రాయబడదు.

మన దేశమున నీ శలభములు వ్రాలినపుడు జరిగినదేమి? 1929 ఫిబ్రవరి 10వ తేదిన జె. ఆర్. డి. టాటా భారతదేశమున నీయబడిన మొదటి లైసెన్సును బడసెను. 1932లో నాయనయే చిన్న 'పస్ మాత్' విమానమున కరాచినుండి బొంబాయికి టపా సంచులు గొనివచ్చెను. ఆ సంవత్సరమే ఊర్మిళా పారిఖ్ లైసెన్సు పొందెను. 1936లో లాహోరున సరళ అను యిరువదియొక్క యేండ్ల యువతి చీర గట్టుకొని 'జిప్సీ మాత్' నెక్కి యొంటరిగా నెగిరెను. అప్పటికే యామెకు నాలుగేండ్ల కూతురు. భర్త విమానచోదకుడు. కోడలిని విమానశాలకు బంపినవారిలో మామగారును గలరని యామెయే చెప్పుకొన్నది.

చదువరులారా, ఈ సంగతిని మేము ప్రత్యేకముగా బేర్కొనుచున్నాము. ఇట్టి నవలలలో దరచుగా వివాహము కథకు తుది. ఇచట వివాహమునకు బిదపనే కథ మొదలైనది. అత్తవారి యిల్లు రెక్కలు కత్తిరించుటకు బదులు రెక్కలు తొడిగినది. కాని విధి యొప్పలేదు. 1939లో భర్త విమానప్రమాదమున మరణించెను. జీతమునకు విమానము నడుపు అర్హతకై యామె అభ్యాసము చేయుచుండగా యుద్ధము వచ్చి దానిని నిలిపివేసినది. ఆమె చిత్రకళ నేర్చుకొనెను. దేశవిభజనకు బిమ్మట బిడ్డలతో ఢిల్లీ చేరి, 1948లో పునర్వివాహము చేసికొని, నగలకును చీరలకును క్రొత్త రీతులు కల్పించుచు స్వయముగా జీవించెను. సరళా థక్రాల్ అని లోకమెరిగినది ఈమెనే. 2008లో గతించెను. ఈ జీవితమును నవలగా వ్రాసినచో, ఇన్ని మలుపులు నమ్మశక్యము గావని విమర్శకులు కొట్టివేయుదురు గాబోలు.

మన తెలుగునాటికి సంబంధించినదియు నొకటి గలదు. 1947లో ప్రేమ్ మాథుర్ అను వనిత వాణిజ్యవిమానము నడపుటకు లైసెన్సు సంపాదించెను. పెక్కు కంపెనీలు ఆమెను త్రోసిపుచ్చినవి. స్త్రీ నడపుచున్నదని తెలిసినచో ప్రయాణికులు భయపడుదురను మాట నామెకు వినబడినది. ఆమెకు దుదకు బనియిచ్చినది హైదరాబాదున బేగంపేట కేంద్రముగా నడచిన దక్కను ఎయిర్‌వేసు. 1949లో నామె జాతీయ విమానపందెమున నెగ్గెను. భయపడుదురన్న ప్రయాణికులు భయపడినట్లు మేమెచ్చటను జదువలేదు. కాని 1953లో విమానకంపెనీలు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సు ఏర్పడిన తరువాత, ఆ సంస్థలో దుర్బా బెనర్జీ చోదకురాలిగా జేరుటకు 1966 వరకు వేచియుండవలసి వచ్చెను. ద్వారమొకమారు తెరచినంత మాత్రమున అది తెరచియే యుండునని నమ్మరాదు. ఎవరో యొకరు కాలడ్డుపెట్టి నిలువవలెను. అట్లు నిలిచినవారి పుణ్యమున, 2021 నాటి ప్రభుత్వపు లెక్క ప్రకారము మన దేశపు చోదకులలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. అనేక సంపన్నదేశముల కంటె నిది హెచ్చు.

ఇక మొదట నిలిపిన మాటకు వత్తము. మా యభిప్రాయము మారిన సగమిది: వినోదనవల పనికిమాలినది గాదు. బిరుదుగ్రంథములు రాజులను, యుద్ధములను వ్రాయుచుండగా, కార్యాలయమున లెక్కలు వ్రాయు యువతిని జూచి, ఉన్నదున్నట్లు చెప్పినది ఈ తేలిక నవలయే. అది తానెరుగకయే చరిత్రకు సాక్ష్యమిచ్చినది. మారని సగమిది: ఆ సాక్ష్యము అసంపూర్ణము. ద్వారమునకై పోరాడినవారిని అది చెప్పదు, విద్యకైన వ్యయమును జెప్పదు, పెండ్లి తరువాతి బ్రదుకును జెప్పదు.

గ్రంథకర్త జీవితమే యిందుకు దృష్టాంతము. కడుపు నింపుకొనుటకు గొన్ని పరిశోధక నవలలు వ్రాసిన స్ప్రిగ్గు, క్రిస్టఫర్ కాడ్వెల్ అను మారుపేర గంభీరమైన సాహిత్యవిమర్శ రచించుచుండెను. స్పెయిను దేశపు ప్రజాపక్షమున బోరాడుటకు బోయి, 1937 ఫిబ్రవరి 12వ తేదిన జరామా యుద్ధభూమిని ఇరువదితొమ్మిదవ యేట నేలగూలెను. ఆయనకు గీర్తి దెచ్చిన 'ఇల్యూషన్ అండ్ రియాలిటీ' యను విమర్శగ్రంథము ఆ సంవత్సరమే మరణానంతరము వెలువడెను. ఆయన తేలిక నవలలో హాస్యమున్నది. ఆయన జీవితమున ఆ తేలిక లేదు.

కావున గృహస్థులకు మా మనవి యొక్కటే. మూల గూర్చున్న బాలిక చేతినుండి నవలను లాగకుడు. చదివి ముగించిన తరువాత ప్రక్కన గూర్చుండి యడుగుడు: ఈ యువతికి ఈ పని యెట్లు దొరకినది? దీనికై ముందెవరు పోరాడిరి? పెండ్లి యైన మరునాడు ఈమె విమానశాలకు బోయినదా, లేదా? ఆ ప్రశ్నలకు జవాబు వెదకుచు నా బాలిక చరిత్రగ్రంథములకు దానంతట తానే పోవును. మరియు నొకనాడు, "నేనును నేర్చుకొందును" అని యామె మీతో నన్నచో, ఆమె పెండ్లికని దాచిన సొమ్మును మరల నొకమారు లెక్క చూచుకొనుడు. లాహోరులోని యొక మామగారు కోడలికి జేసినదానిని, మనము కన్నబిడ్డకు జేయలేమా?