రాఘవాపురం వెంకయ్య

బెజవాడ క్రైస్తవుల సంగతి ఎత్తగానే ఎవరైనా గుణదల పేరే చెబుతారు. 1924లో ఆర్లాటి ఫాదర్ అక్కడ మేరీమాత విగ్రహం నెలకొల్పిన తరవాత, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జనం తరలివస్తూనే ఉన్నారు. వచ్చేవాళ్ళలో హిందువులూ ఎక్కువే. నేను ప్రొటెస్టంట్లలోని సి.ఎస్.ఐ. సంఘంలో పుట్టినదాన్ని. ఆ తిరునాళ్ళంటే నాకూ ఇష్టమే. కానీ మా విశ్వాసం ఈ నేల మీద తిరునాళ్ళతో మొదలవలేదు. అందరూ మొక్కే చోట నేను మొక్కనని ఒక మాలవాడు చెప్పడంతో మా కథ మొదలైంది. ఆయన పేరు పగోలు వెంకయ్య, నందిగామ దగ్గర రాఘవాపురం.

ఆ రోజుల్లోనే బందరులో ఒక అలజడి జరిగింది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు 1841లో అక్కడికి వచ్చారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. అది పెద్ద కులాల పిల్లల కోసం పెట్టిన బడి, మాల మాదిగ పిల్లలకు అందులో చోటులేదు. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళ వెనకే వస్తారని నోబుల్ నమ్మకం. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు, మంచాల రత్నం, అయినాల భూషణం, బాప్తిస్మం తీసుకున్నారు. పట్నం అట్టుడికిపోయింది. పెద్దలు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ ఇద్దరి తెగువను నేను తక్కువ చేయను. కన్నవాళ్ళనూ, పుట్టిన ఇంటినీ, కులాన్నీ ఒక్కసారే పోగొట్టుకున్నారు. అయితే అలా బయటికి వచ్చినవాళ్ళకు తలదాచుకోవడానికి మిషన్ ఉంది. వెంకయ్య ఎక్కడికీ పోలేదు. తెల్లారితే అదే పల్లె, అదే బావి, అదే కామందు చేను. రోజూ ముఖాలు చూసుకోవలసిన మనుషుల మధ్యే ఆయన వేరుగా బతకాల్సి వచ్చింది. నా దృష్టిలో ఇదే కష్టం.

1849 ప్రాంతంలో ఎవరో ఆయనతో అన్నారట, ఈ రాళ్ళు దేవుళ్ళు కావు, దేవుడు వేరే ఉన్నాడని. ఆ మాట ఆయనలో నాటుకుపోయింది. విగ్రహాలకు మొక్కడం మానేశాడు. అసలైన దేవుడెవరో తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. అయినా నీవెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అని రోజూ ప్రార్థించేవాడు. ఇలా దాదాపు పదేళ్ళు! చేతిలో పుస్తకం లేదు, సంఘం లేదు, దేవుడి పేరు కూడా తెలియదు. వెంకయ్య కథ చెప్పేవాళ్ళు ఈ పదేళ్ళనూ ఒక్క వాక్యంలో దాటేసి బాప్తిస్మం దగ్గరికి పోతారు. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. గ్రామదేవత కొలుపు జరిగితే పల్లె నుంచి ఇంటికింత అని చందా, మనిషికింత అని పని. ఊళ్ళో కలరా వచ్చినా, వాన రాకపోయినా, అమ్మవారికి కోపం తెప్పించింది ఎవరని వెతికే కాలం అది. అలాంటి కాలంలో మొక్కనన్నవాడి మీద ఎన్ని కళ్ళు పడి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

1859లో ఒక పర్వదినాన ఆయన కృష్ణ ఒడ్డుకు వచ్చాడు. ఆనకట్ట పూర్తయి అప్పటికి నాలుగేళ్ళే. స్నానాల రేవులో ఒక బ్రాహ్మణుడితో తన వెతుకులాట చెప్పుకుంటే, నువ్వు అడిగే దేవుడి గురించి బెజవాడలో ఉన్న దొర చెబుతాడని ఆయన దారి చూపించాడట. ఆ దొర థామస్ డార్లింగ్ అనే మిషనరీ. బెజవాడలో ఆయన మాట అప్పటిదాకా ఎవరూ చెవిన పెట్టలేదు. వెంకయ్య విన్నాడు, ఆయన్ను తన పల్లెకు పిలిచాడు. ఆ ఏడే తనవాళ్ళతో కలిసి బాప్తిస్మం పొందాడు. నోబుల్ లెక్క తలకిందులైంది. కృష్ణా జిల్లాలో సువార్త కింది నుంచే పాకింది.

గంజి కోసం మతం పుచ్చుకున్నారనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఒంగోలు వైపు 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అది కరువు తరవాతి కాలం కాబట్టి ఆ మాట పుట్టింది. కరువు పని నడిచినన్నాళ్ళూ అక్కడి మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రాఘవాపురంలో అయితే ఆ పదేళ్ళు గంజీ లేదు, దొరా లేడు.

బాప్తిస్మం తరవాత అసలు గొడవ ఆదివారంతో వచ్చింది. పాలేరుకు సెలవేమిటి? దుక్కుల రోజుల్లో ఈరోజు నాగలి కట్టను, గుడికి పోతానంటే ఆ ఏడు గింజలకు నీళ్ళు వదులుకోవడమే. చచ్చిన గొడ్డు మాంసం ముట్టబోమన్నారు, కొలుపు పనులకు రాబోమన్నారు. పగలు చేలో పనిచేసి రాత్రి దీపం దగ్గర అక్షరాలు దిద్దారు. ఆ పట్టు మా ఇంటిదాకా వచ్చింది. మా అమ్మమ్మకు చదువు రాదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. ఇంట్లో అందరి కడుపూ నిండని రోజుల్లో కూడా ఆ పిడికిలి చిన్నది కాలేదని మా అమ్మ చెప్పేది.

వెంకయ్య 1891లో కన్నుమూశాడు. పరీక్ష ఆయనతో అయిపోలేదు, వేషం మార్చుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళను షెడ్యూల్డు కులాల్లో లెక్కించలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మాకిచ్చింది బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. అందుకే మా పల్లెల్లో చాలామందికి గుడిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. వాళ్ళను నేను తప్పుపట్టను, పిల్లల చదువు ముందున్నప్పుడు ఎవరి గుండె ఎంత ఓర్చగలదో ఇంకొకరు చెప్పలేరు. నన్ను హైస్కూల్లో చేర్చేటప్పుడు మా అమ్మ మతం గడిలో క్రైస్తవురాలనే రాయించింది. స్కాలర్‌షిప్ పోయింది. నాట్లకూ కోతలకూ వెళ్ళి ఆ డబ్బుతో నన్ను చదివించింది. అదే రోజుల్లో మా వీధివాళ్ళకు హోటల్లో గ్లాసు వేరుగానే ఉండేది. గ్లాసు ఇచ్చేవాడు నువ్వు హిందువువా, క్రైస్తవురాలివా అని ఏనాడూ అడగలేదు. 1950 నాటి ఆ ఉత్తర్వులో మతం పేరుతో మమ్మల్ని పక్కన పెట్టిన మూడో పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. తీసేయాలనే నేనూ అంటాను, బతికినన్నాళ్ళూ అంటాను.