ఐదు టిక్కీల లెక్క

215 రావాలి. స్క్రీను మీద 22,060 వచ్చింది.

నేను కూడిన ఐదు సంఖ్యలూ పుస్తకంలోవి కావు. 42, 44, 43, 45, 41. ముందురోజు గుంటూరు మిర్చి యార్డులో నాన్న సరుకు కాటా పెడుతుంటే, ఘాటుకు తుమ్ముతూ చీటీ మీద నేనే రాసుకున్న టిక్కీల, అంటే మిర్చి బస్తాల, కిలోలు. రాత్రి హాస్టల్లో వాటిని కూడే సి ప్రోగ్రాం మూడుసార్లు నడిపితే మూడుసార్లూ 215 వచ్చింది. పొద్దున ల్యాబుకు వెళ్లేముందు, పైన తలకట్టు అచ్చేసే ఫంక్షన్ ఒకటి చేర్చానంతే. కూడిక జోలికే పోలేదు.

ల్యాబులో సారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"లూపులోకి పోకముందు టోటల్‌లో ఎంతుంది?"

"ఏమీ లేదు సార్."

"లేదని ఎవరు చెప్పారు? అచ్చేయించి చూడు."

చూశాను. 21,845.

ఫంక్షన్ లోపల 'ఇంట్ టోటల్' అని రాస్తే సి నాలుగు బైట్ల చోటు చూపిస్తుందే తప్ప ఊడ్చి ఇవ్వదు. సి పుట్టిన 1972 నాటి చిన్న యంత్రాల మీద ప్రతి పిలుపుకూ చోటు తుడవడమంటే ఖర్చే. గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్‌కు మాత్రం ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే సున్నా పడుతుంది. నా టోటల్ స్టాక్‌లో ఉంది. అంతకుముందు అదే చోట నడిచిన తలకట్టు ఫంక్షన్ వదిలేసి పోయిన అడ్రసులో సగం ముక్కే ఆ 21,845. రాత్రి అక్కడ సున్నా ఉండటం నా అదృష్టం అనుకున్నాను. కాదు, దురదృష్టం. లేకుంటే తప్పు రాత్రే దొరికేది.

సారు హెచ్చరికల కోసం వాల్, ఓ2 ఆప్షన్లు పెట్టి మళ్లీ కంపైల్ చేయించారు. లైను నంబరుతో సహా హెచ్చరిక వచ్చింది. కంపైలర్‌ను అన్నాళ్లూ నేను అడగలేదు, అది చెప్పలేదు.

టోటల్ పక్కన 'ఈక్వల్ టు సున్నా' కొట్టాను. 215.

అప్పుడు గుర్తొచ్చింది. యార్డులో మొదటి టిక్కీ దించాక కూడా కాటా 200 గ్రాములు చూపిస్తోంది. పళ్లెం మీద రాలిన కాయలు. రెండోది ఎత్తబోతున్న హమాలీని నాన్న ఆపాడు.

"ఆగబ్బాయ్, సున్నా రానీ."

"మన కాయలేగా నాన్నా," అన్నాను.

"ఒకసారి తూచినవి మళ్లీ తూస్తామా?"

కాయలన్నీ చేత్తో ఊడ్చి గోతంలో వేశాడు. చీటీ పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.