రాకాసిగుళ్ళు

తెలుగునాట అనేక గ్రామముల పొలిమేరలయందు పెద్దపెద్ద గుండురాళ్ళు వలయముగా నమర్పబడి కానవచ్చును. వీనిని జనులు రాకాసిగుళ్ళనియు, పాండవగుళ్ళనియు పిలుచుచుందురు. అంతటి బండలను మానవమాత్రులు కదల్పజాలరని వారి తలంపు. ఇది యెంతవఱకు సత్యమో విచారింతము.

కర్ణాటకములో చిత్రదుర్గ జిల్లాయందలి బ్రహ్మగిరిలో 1947లో మార్టిమర్ వీలరు దొర యిట్టి వలయములను త్రవ్వించెను. కొన్నింటి నడుమ రాతిపలకలు నిలిపి కట్టిన గదులు బయల్పడెను. తూర్పుపలకకు గుండ్రని రంధ్రము కలదు. గదులలో మనుష్యుల యెముకలును, లోన నలుపు వెలుపల ఎఱుపు గల కుండలును, ఇనుప పనిముట్లును ఉండెను. ఒక్కగదిలోనే పలువుర యెముకలు కలసియుండెను. అవియును దేహక్రమమున లేవు. శవమును మొదట వేఱొకచోట నుంచి, మాంసము పోయినపిదప నెముకలనేఱి తెచ్చి యుంచిరని దీనివలన నూహింపబడినది. ఇట్టి సమాధులను దక్షిణాపథమున క్రీస్తునకు పూర్వము సుమారు 1000 సంవత్సరముల నాటికే కట్టుచుండిరి. కావున నివి రాక్షసుల యిండ్లు గావు. ఇనుము కరగింప నేర్చిన మానవుల పితృకార్యస్థానములు.

ఎముకలను దాచుటకు చిన్నగొయ్యి చాలును గదా, ఇంత ప్రయాస యేల? బండలను దొర్లించుటకు బంధుజనమెల్ల కూడవలయును. కూడినవారికి అన్నము పెట్టవలయును. ఆ కూడికయే సగము కర్మమని మాకు తోచుచున్నది. మృతుని పేర బ్రదికియున్నవా రొక్కటియగుట యాచారము. వలయము దానికి గుఱుతు.

కృష్ణాతీరమున నారాయణపేట జిల్లా ముడుమాలులో 10 మొదలు 14 అడుగుల యెత్తుగల నిలువురాళ్ళును, రాతివలయములును కలవు. గ్రామస్థులు ఆ నిలువురాళ్ళను తిమ్మప్పయని కొలుతురు. మూఢభక్తియని నవ్వువారు నవ్వవచ్చును గాని, ఆ భక్తియే వానికి కొంత రక్షయైనదని మేము తలతుము. 2025లో ఆ స్థలము యునెస్కోవారి తాత్కాలిక పట్టికలో చేరినది. రాకాసివను పేరుపడిన వలయముల కట్టి భాగ్యము లేదు. నిధులకై త్రవ్వువారు కొన్నింటిని, కంకరకై పగులగొట్టువారు కొన్నింటిని రూపుమాపుచున్నారు. రాక్షసుల సొత్తునకు జాలిపడువా రెవరు?

పూర్వుల శ్రాద్ధములను నిష్ఠతో జరుపు మనము, వారిలో నతిప్రాచీనులను రాక్షసులనుట న్యాయమా? పిల్లలకు రాకాసికథ చెప్పుటకు మాఱుగా ఆ రాళ్ళకడకు తోడ్కొనిపోయి, చేతులతో తాకించి, ఇవి మనవంటివారు తమవారికై మోసిన బరువులని చెప్పుదము. ఆ మాట విన్న బిడ్డ పెద్దవాడై వానిపై గునపమెత్తడు.