బచ్చాలు

సిగరెట్టు పెట్టెల ముందు, వెనక అట్టలను చించి తెలుగు పిల్లలు పోగేసి, మార్చుకుని, పందెం ఒడ్డిన బొమ్మ అట్టలే బచ్చాలు. అగ్గిపెట్టెల అట్టలూ ఇందులోకి వచ్చేవి. నేల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో అందరి బచ్చాలూ దొంతిగా పెట్టి, దూరం నుంచి బిళ్లరాయితో కొట్టేవారు. గీత దాటి ఎగిరిపడ్డవన్నీ కొట్టినవాడివి. మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట వంటి ఊళ్ళ పిల్లలకు కిళ్ళీకొట్టు ముందు, బస్టాండులో ఏరుకున్న అట్టలే పెట్టుబడి.

ఇతర దేశాల్లో దీనికి పెద్దన్న లాంటిది సిగరెట్ కార్డు. అది అమెరికాలో పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో మెత్తటి కాగితపు పెట్టెలో సిగరెట్లు నలగకుండా గట్టి అట్టముక్క ఒకటి పెట్టేవారు. దాని మీద వరస బొమ్మలు వేస్తే, వరస పూర్తి చేయాలన్న ఆశతో జనం అదే మార్కు మళ్ళీ కొంటారని కంపెనీలు కనిపెట్టాయి. మన దేశంలో అమ్మిన విల్స్ వారి సిజర్స్ పెట్టెల్లో నటీమణుల, సైనిక దళాల బొమ్మలు వచ్చాయి. పెనిన్సులర్ టొబాకో కంపెనీ ఏకంగా హిందూ దేవతల కార్డులే వేసింది.

ఈ కార్డుల్లో అందరికన్నా పేరుపడ్డది బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన ఆ కార్డు ఆటగాడి అభ్యంతరంతో త్వరగా ఆగిపోయింది. పొగాకుతో తన పేరు కలపడం ఇష్టంలేక అడ్డుకున్నాడని కొందరు, డబ్బు దగ్గర పేచీ అని కొందరు అంటారు. నేటికి మిగిలినవి అరవై వరకే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

పిల్లల లెక్కా అచ్చం ఇదే: అరుదైనదానికే విలువ. హైదరాబాద్‌లో 1916లో మొదలైన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ పసుప్పచ్చ పెట్టె ఎక్కడ చూసినా దొరికేది కనుక దాని విలువ తక్కువ. ఎప్పుడో ఒకటి చేతికొచ్చే మార్కుకు ఎక్కువ. వీధి మారితే ధర మారేది.

పాత అట్ట వయసు అట్టే చెబుతుంది. ధర అణాల్లో ఉంటే 1957కు ముందుది, నయా పైసల్లో ఉంటే ఆ తరవాతి కొన్నేళ్ళది. ఆరోగ్య హెచ్చరిక లేకపోతే 1975 చట్టానికి ముందుది అనుకోవచ్చు. బొమ్మ హెచ్చరిక 2009లో వచ్చింది. 2016 నుంచి అది పెట్టె ముందు, వెనక వైపుల్లో 85 శాతం ఆక్రమించింది. ప్రజల ఆరోగ్యానికి అది మంచిదే. బచ్చాకు మాత్రం మొహం పోయింది.

చించిన అట్టకన్నా చించని పెట్టెకే సేకర్తలు ఎక్కువ విలువ కడతారు. మడతలు, తడి మరకలు ధర తగ్గిస్తాయి. మీ అటక మీద ట్రంకుపెట్టెలో బచ్చాల దొంతి ఏదైనా కనబడితే జిగురుతో పుస్తకంలో అంటించకండి, లామినేషన్ చేయించకండి. పొడి కాగితపు కవరులో విడిగా ఉంచి, ఏ ఊళ్ళో, ఎవరు, ఏ రోజుల్లో ఏరినవో వేరే చీటీ మీద రాసి జతపరచండి.